కొత్తగా డైవింగ్ నేర్చుకున్నవాళ్లు రాత్రి లాబ్‌స్టర్ వేటకి వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఉంటారు. వేసవిలో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) తీసుకున్నారు. ఇప్పటికి 14 డైవ్‌లు చేశారు, అందులో రాత్రి డైవ్ ఒక్కటీ లేదు. ఆఫీసులో ఇద్దరు సీజన్ మొదలయ్యే శుక్రవారం రాత్రే లాబ్‌స్టర్‌కి దిగుతున్నారు, మిమ్మల్నీ రమ్మంటున్నారు. వెళ్లొచ్చా, వెళ్తే ఏం కొనుక్కోవాలి, చేత్తో ఎలా పట్టాలి?

ఆ శుక్రవారం వద్దు. డిసెంబర్‌లో వెళ్లండి. సీజన్ మార్చి మధ్య దాకా ఉంటుంది. చలి పెరిగేకొద్దీ లాబ్‌స్టర్లు కాస్త లోతుకి జరుగుతాయి తప్ప మాయమైపోవు. ఈ రెండు నెలలూ ఏం చెయ్యాలో కింద రాస్తున్నాను. ఇదే తీరంలో చాలా ఏళ్లుగా దిగుతున్నాను, చెయ్యకూడని తప్పులు నేనూ చేశాను.

వద్దనడానికి కారణం చీకటి కాదు. చీకటి నాలుగు డైవ్‌లలో అలవాటైపోతుంది. అసలు చిక్కు వేటతోనే. మామూలు డైవ్‌లో మీ కళ్లు ట్యాంకులో గాలి ఎంతుందో చూపించే గేజ్ మీదికి, కంపాస్ మీదికి, పక్కనున్న జంట (మీతో కలిసి దిగే తోటి డైవర్) మీదికి తిరుగుతూనే ఉంటాయి. రాతి సందులో రెండు మీసాలు కదలడం కనిపించిందంటే మాత్రం మనసంతా ఆ సందులోకే పోతుంది. తల కిందికి, కాళ్లు పైకి, చెయ్యి భుజం దాకా లోపలికి. ఊపిరి రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. ట్యాంకులో గాలి ఎంతుందో, జంట ఏ వైపు ఉన్నాడో, ఒడ్డు ఎటుందో ఒక్కటీ గుర్తుండదు. అవన్నీ చూసుకోవడం అలవాటుగా జరిగిపోయే దశకి వచ్చినవాళ్లు కూడా ఆ రెండు నిమిషాలు తడబడతారు. 14 డైవ్‌లకి ఆ అలవాటు ఇంకా పడదు. మిమ్మల్ని తక్కువ చేసి అనడం లేదు, ఎవరికైనా అంతే. సీజన్ మొదటి వారాంతంలో ఇక్కడ డైవర్ల ప్రమాద వార్తలు వినడం కొత్తేమీ కాదు. ఒకప్పుడు సీజన్ అర్ధరాత్రి దాటగానే మొదలయ్యేది. ఆ వేళకి జనం చీకట్లో ఎగబడటం మంచిది కాదనే దాన్ని మార్చారు. ఇప్పుడు అక్టోబర్ మొదటి బుధవారానికి ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం 6 గంటలకి మొదలవుతుంది. అయినా ఆ రాత్రి హడావుడి హడావుడే.

మీరు నేర్చుకున్నది లగూనాలో షాస్ కోవ్‌లోనో, క్రెసెంట్ బేలోనో అయి ఉంటుంది. ఈ జిల్లాలో చాలామంది అక్కడే నేర్చుకుంటారు. ఆ రెండూ 2012 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాలు, ఒక్క లాబ్‌స్టర్‌ని కూడా ముట్టుకోకూడదు. సరిగ్గా అందుకే మొదట అక్కడికే వెళ్లమంటాను. పట్టేవాళ్లు లేని చోట లాబ్‌స్టర్లు బాగా పెరుగుతాయి, మరీ బెదరవు కూడా. పగలు వెళ్లి రాతి అరుగుల కింద లైటు వేసి చూడండి. అవి ఎలాంటి సందుని ఎంచుకుంటాయో, మీసాలు ఎలా బయటికి చాపి ఉంచుతాయో, ఒక్కోచోట గుంపుగా ఎలా సర్దుకుని కూర్చుంటాయో నాలుగు డైవ్‌లు ఊరికే చూడండి. పట్టాలనే ఆత్రం ఉండదు కాబట్టి నిజంగా కనిపిస్తాయి. వేటలో నాకు పనికొచ్చిన జ్ఞానంలో ముప్పాతిక భాగం వేట నిషేధించిన చోట్లే వచ్చింది.

ఆ తర్వాత వేటకి అనుమతి ఉన్న ఒక్క చోటు ఎంచుకోండి. ఒక్కటంటే ఒక్కటే. రక్షిత ప్రాంతాల హద్దులు కాలిఫోర్నియా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్ మ్యాప్‌లో ఉంటాయి. లగూనా, లా హోయా కోవ్, క్యాటలీనాలో క్యాసినో పాయింట్... ఇలా పేరున్న డైవింగ్ చోట్లు చాలావాటిలో లాబ్‌స్టర్ పట్టకూడదు. కొన్ని రక్షిత ప్రాంతాల్లో మాత్రం కొన్ని రకాల వేటకి అనుమతి ఉంటుంది. కాబట్టి ఎవరో చెప్పారని కాకుండా, వెళ్లే ముందు మీరే చదువుకోండి. బీచ్ పార్కింగ్ రాత్రి ఎన్నింటికి మూస్తారో కూడా అప్పుడే చూసుకోండి. కారు గేటు లోపల ఇరుక్కుపోతే తడి వెట్‌సూట్‌తో నిలబడి ఫోన్లు చెయ్యడం ఏమంత సరదాగా ఉండదు.

ఆ ఒక్క చోట పగటిపూట కనీసం అయిదారుసార్లు దిగండి. మీ వీధిలో కరెంటు పోయినా తడుముకోకుండా ఇంటికి నడిచి రాగలరు కదా, అక్కడి అడుగు అంతగా తెలిసిపోవాలి. ఇసుక దారి ఎక్కడ, రాళ్లు ఎంత దూరంలో మొదలవుతాయి, కెల్ప్ (సముద్రంలో తీగలా పెరిగే పెద్ద నాచు) ఎక్కడ దట్టంగా ఉంది, ఏ లోతుకి చేరితే ఒడ్డు ఎటు. నేను ప్రతి డైవ్ అయ్యాక కార్లో కూర్చునే ఒక పాత నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గీసేవాణ్ని. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా పర్లేదు, మీకు అర్థమైతే చాలు.

ఇక్కడ ఒడ్డు నుంచి దిగేవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది లోతు కాదు, అలలు విరిగే చోటు. ఫోర్‌కాస్ట్‌లో అల ఎత్తొక్కటే చూసి బయల్దేరకండి, ఎన్ని సెకన్లకి ఒక అల అన్నది కూడా చూడండి. మూడడుగుల అల 8 సెకన్లకొకటి వస్తే ఒక రకం. అదే మూడడుగులు 16 సెకన్లకొకటి వస్తే దాని వెనకున్న బలం వేరు, ఒడ్డుకొచ్చేసరికి అది మూడడుగులుగా ఉండదు. స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ నడిపే సీడీఐపీ బోయ్‌ల (నీళ్ల మీద తేలుతూ అలల్ని కొలిచే పరికరాల) లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి. బీచ్‌కి వెళ్లాక కూడా సామాను దించకుండా పది పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, ఆ గుంపుకీ ఈ గుంపుకీ మధ్య ఖాళీ ఉంటుంది. దిగేది ఆ ఖాళీలోనే. రెగ్యులేటర్ (ట్యాంకు గాలి పీల్చుకునే పరికరం) నోట్లో, ఒక చెయ్యి మాస్క్ మీద, ఫిన్స్ (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు) వేసుకుని ఉంటే వెనక్కి నడుస్తూ, మోకాళ్లు కొంచెం వంచి. ఎక్కేటప్పుడు కూడా ఇసుక మీద కాళ్లు నిలిచేదాకా రెగ్యులేటర్ తియ్యకండి. ఆ పనికి ట్యాంకులో గాలి మిగిలి ఉండాలి. ఈ మాట మళ్లీ వస్తుంది.

కెల్ప్ గురించి భయపడుతున్నారేమో. తీగ కాలికి తగిలినప్పుడు గిరగిరా తిరక్కండి, తిరిగితేనే చుట్టుకుంటుంది. ఆగి, చేత్తో పట్టుకుని మధ్యకి మడిస్తే పుటుక్కున విరుగుతుంది. లాగితే తెగదు.

పగటి డైవ్‌లు అయ్యాక, సూర్యాస్తమయానికి అరగంట ముందు దిగి చీకటి పడ్డాక బయటికి రండి. వెలుగు కళ్లముందే తగ్గిపోతుంది కాబట్టి గుండె గుభేలుమనదు. ఆ తర్వాత పూర్తి రాత్రి డైవ్‌లు రెండు చెయ్యండి, లాబ్‌స్టర్లు వేసుకునే బ్యాగ్ లేకుండా. వీలైతే రాత్రి డైవ్ కోర్సు చెయ్యండి, లేదా కనీసం ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి దిగండి. ఒడ్డున రెండు లైట్లు పెట్టండి, ఒకటి ముందు, ఒకటి దాని వెనక ఎత్తులో. నీళ్లలోంచి చూస్తే రెండూ ఒకే గీతలో కనిపించాయంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు. లైటుతో సైగలు కూడా జంటతో ముందే మాట్లాడుకోండి: గుండ్రంగా తిప్పితే బాగానే ఉన్నాననీ, పక్కకీ పక్కకీ గబగబా ఊపితే ఇటు చూడు, ఇబ్బందనీ. ఆ రెండు డైవ్‌లలో ఎక్కడో ఒకచోట ఇసుక మీద మోకాళ్లానించి, లైటు ఛాతీకి అదుముకుని వెలుగు కనబడకుండా చేసి, చెయ్యి నీళ్లలో ఆడించి చూడండి. వేళ్ల చుట్టూ నీలం మెరుపు రవ్వలు లేస్తాయి. లాబ్‌స్టర్ దొరక్కపోయినా నేను ఇన్నేళ్లుగా దిగడానికి అది సగం కారణం.

ఇక వేట సంగతి. ఇక్కడి డైవర్లు వీటిని బగ్స్ అంటారు, అంటే పురుగులని. ఫొటోల్లో ఎర్రటి పెద్ద కొండీలతో కనిపించే లాబ్‌స్టర్ అట్లాంటిక్‌ది. మనది స్పైనీ లాబ్‌స్టర్, దీనికి ఆ కొండీలుండవు. పొడవాటి మీసాలు, ఒళ్లంతా ముందుకి వంగిన ముళ్లు. పగలు సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక మేతకి బయటికొస్తుంది. అందుకే రాత్రి వెళ్లేది. అమావాస్య దగ్గర్లో ఎక్కువ తిరుగుతాయని పాతకాపులు అంటారు. నాకైతే చంద్రుడి కన్నా నీళ్లు తేటగా ఉండటమే ముఖ్యం అనిపించింది. లోతు అక్కర్లేదు. 15 నుంచి 30 అడుగుల్లోనే, రాళ్ల అంచు ఇసుకతో కలిసే చోట చాలా దొరుకుతాయి.

దూరం నుంచే లైటు నిండుగా దాని కళ్లలో కొట్టకండి. వెలుగు అంచుతో వెతుక్కుంటూ వెళ్లి, అందే దూరానికి వచ్చాక అప్పుడు వెయ్యండి. పారిపోయేటప్పుడు అది వెనక్కే ఎగురుతుంది, తోక ఒక్కసారి ముడిచిందంటే బాణంలా పోతుంది. కాబట్టి చెయ్యి ముందు నుంచి కాదు, పైనుంచి, కొంచెం వెనకగా రావాలి. వీపు పెంకుని అరచేత్తో నేలకి అదమండి. తటపటాయిస్తూ పెట్టిన చెయ్యికి అది ఎప్పుడూ దొరకదు, ఒక్క ఊపులో అదమాలి. పట్టుకుని లాగుదామని మీసాల జోలికి పోవద్దు. అవి చేతిలో విరిగిపోతాయి, లాబ్‌స్టర్ వెళ్లిపోతుంది. అదిమాక మీసాల లావాటి మొదళ్లలో, వీపు దగ్గర గట్టిగా పట్టుకుని పైకెత్తండి. తోకని టపటపా కొట్టుకుంటుంది, ఆ చప్పుడు నీళ్లలో మీకు స్పష్టంగా వినిపిస్తుంది. మొదటిసారి చాలామంది ఆ చప్పుడుకే వదిలేస్తారు.

ఇప్పుడు కొలబద్ద. కంటి గుంట వెనక అంచు నుంచి వీపు పెంకు వెనక అంచు దాకా, నడిమి గీత మీద తిన్నగా కొలవాలి. 3¼ అంగుళాలు ఉండాలి. కొలబద్ద పెంకు మీద కూర్చుని ఏ మాత్రం అటూ ఇటూ ఊగకుండా అంచుకి తగులుతోందా, దాటి పడిపోతోందా అని చూడండి. పడిపోయిందంటే అది షార్ట్, అక్కడికక్కడే వదిలెయ్యాలి. డైవర్లు నీళ్లలోనే కొలవాలని రూలు. చిన్నదాన్ని ఒడ్డుకి తెచ్చి, అక్కడ కొలిచి, మళ్లీ వదులుతామంటే కుదరదు. వెంట్రుకవాసి తేడాలో ఉన్నప్పుడు వదిలేయడమే నా పద్ధతి. ఆ పరిమాణానికి రావడానికి దానికి ఏడేళ్లో ఇంకా ఎక్కువో పట్టింది, ఇంకొక ఏడాది ఉండనివ్వండి. సరిపోతే బ్యాగ్‌లో తోక ముందు పోయేలా వెయ్యండి. వెనక్కే ఎగురుతుంది కాబట్టి తన్నుకున్నా ఇంకా లోపలికే పోతుంది. తల ముందు వేశారో, మీ ముఖం మీదుగా బయటికొస్తుంది.

చిన్నప్పుడు పొలం గట్ల మీద ఎండ్రకాయల బొరియలో చెయ్యి పెట్టినవాళ్లకి ఒక భయం తెలుసు, లోపల ఉన్నది ఎండ్రకాయేనా అని. ఇక్కడా అంతే. మీసాలు బయటికి కనిపిస్తున్న సందులోనే మోరే ఈల్ (పాములాంటి చేప) ఉండొచ్చు, తరచుగా ఉంటుంది కూడా. సందు మొత్తం లైటు వేసి చూడనిదే చెయ్యి పెట్టకండి. రాళ్ల మీద అచ్చం రాయిలా కూర్చునే స్కార్పియన్ ఫిష్ ఉంటుంది, ఇక్కడివాళ్లు దాన్ని స్కల్పిన్ అంటారు. దాని ముల్లు గ్లవ్ లోంచి కూడా దిగుతుంది. గుచ్చుకుంటే బయటికొచ్చేసి, ఒళ్లు కాలనంత వేడి నీళ్లలో చెయ్యి ఉంచి, డాక్టర్‌కి చూపించుకోండి. నేను ఫ్లాస్కులో వేడి నీళ్లు కారులో పెట్టుకునేది అందుకే. ఇంతవరకూ ఆ నీళ్లు కాఫీకే పనికొచ్చాయి.

నేనూ తప్పులు చేశానన్నాను కదా, ఒకటి చెప్తాను. నా రెండో సీజన్, నవంబర్, మాలిబు వైపు ఒక బీచ్. నేనూ నా జంటా ఇద్దరమూ వేటగాళ్లమే, ఇద్దరి చేతుల్లోనూ బ్యాగులు. దిగిన పావుగంటకి ఒక అరుగు కింద పెద్దది కనిపించింది, నిజంగా పెద్దది, మీసం మొదలు నా బొటనవేలంత లావు. పట్టబోతే లోపలికి జరిగింది. నేనూ జరిగాను. ట్యాంకు పైన రాయికి తగిలి ఠంగున మోగింది, అప్పుడైనా ఆగాల్సింది. చివరికి అది వేరే సందులోంచి బయటపడి పోయింది. వెనక్కి వచ్చి, ఎందుకో గేజ్ చూశాను. 600 పీఎస్‌ఐ (ట్యాంకులో గాలి పీడనం లెక్క). దిగినప్పుడు 3000. ఎంతసేపు అక్కడున్నానో నాకు తెలియదు. చుట్టూ చూస్తే జంట లైటు ఎక్కడా లేదు. చేతులు చల్లబడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది, అది నీళ్ల చలి కాదు. మెల్లగా పైకొచ్చాను, చుట్టూ కెల్ప్, ఒడ్డున లైట్లు నేననుకున్న వైపు కాకుండా భుజం వెనక ఉన్నాయి. బీసీడీలో (గాలి నింపితే నీళ్ల మీద తేల్చే జాకెట్‌లో) గాలి నింపి, వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తూ ఒడ్డు చేరేసరికి ఇరవై నిమిషాలు. అలలు విరిగే చోట రెగ్యులేటర్‌లో గాలి పీలుస్తుంటే బరువుగా రావడం మొదలైంది. నా జంట అప్పటికే ఒడ్డున నిలబడి, నాకోసం ఎవరికి ఫోన్ చెయ్యాలా అని వణికిపోతున్నాడు. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకోలేదు. సామాను సర్దుకుని ఇళ్లకి వెళ్లిపోయాం.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతిని ఇప్పటిదాకా మార్చలేదు. ఇద్దరిలో ఒక్కరే వేటాడతారు. రెండోవాళ్ల పని లైటు పట్టుకోవడం, బ్యాగ్ మోయడం, ఇద్దరి గేజ్‌లూ చూడటం. ఒకటి దొరికినా, చెయ్యి పెట్టి తప్పిపోయినా వంతు మారుతుంది. ఇలా చేస్తే రాత్రికి దొరికేవి తగ్గుతాయని మీ కొలీగ్స్ అనొచ్చు. నా లెక్కలో తగ్గలేదు. ఒకరు లైటు స్థిరంగా పట్టుకుంటే ఇంకొకరి చెయ్యి తప్పడం తక్కువ. గాలికి మూడో వంతు లెక్క: 3000తో దిగితే 2000 దగ్గర వెనుదిరగడం, చివరి 1000 ఒడ్డు కోసం. ఎంత పెద్దది కనిపించినా 2000 అయితే వెనక్కే. వెనక్కొచ్చే దారిలో కూడా సందులుంటాయి కదా, చూసుకుంటూ రావచ్చు.

సామాను గురించి ఎక్కువ చెప్పను, షాపులో మీకు కావలసిన దానికన్నా ఎక్కువే చెప్తారు. చలికాలంలో ఇక్కడి నీళ్లు 13, 14 డిగ్రీల సెల్సియస్‌కి దిగుతాయి కాబట్టి 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్. ముళ్లని తట్టుకునే మందపాటి గ్లవ్స్. మనిషికి రెండు లైట్లు, ట్యాంకుకి ఒక చిన్న మార్కర్ లైటు. తీగ తెంచుకోవడానికి ఒక కట్టర్. కొలబద్ద దారంతో బ్యాగ్‌కి కట్టి ఉండాలి, లేకపోతే మొదటి రాత్రే పోతుంది. బ్యాగ్‌ని ఒంటికి మాత్రం గట్టిగా కట్టుకోకండి. రాళ్లకో కెల్ప్‌కో చిక్కుకుంటే ఒక్క చేత్తో వదిలించుకోగలగాలి. చూడటానికి బాగుందని కొక్కెం కర్ర ఏదైనా కొంటారేమో, కాలిఫోర్నియాలో డైవర్లు చేతులతోనే పట్టాలి. కొక్కెం, ఉచ్చు, ఈటె ఏదీ వాడకూడదు.

కాగితాల పని: ఫిషింగ్ లైసెన్స్, దక్షిణ తీరంలో కాబట్టి ఓషన్ ఎన్‌హాన్స్‌మెంట్ వాలిడేషన్ (లైసెన్స్‌తో పాటు తీసుకునే అదనపు అనుమతి), వీటికి తోడు స్పైనీ లాబ్‌స్టర్ రిపోర్ట్ కార్డ్. రోజుకి మనిషికి ఏడు, అంతకుమించి దగ్గర ఉండకూడదు. మీ జంట వేటాడకుండా లైటు మాత్రమే పట్టుకున్నా, వంతులు మార్చుకునేటట్టయితే ఇద్దరికీ లైసెన్సూ కార్డూ ఉండాలి. దిగే ముందే కార్డులో తేదీ, చోటు రాయాలి, ముగించాక ఎన్ని ఉంచుకున్నారో రాయాలి. వార్డెన్లు (వేట రూల్స్ తనిఖీ చేసే అధికారులు) రాత్రిపూట కూడా పార్కింగ్‌లోకి వచ్చి చూస్తారు, నన్ను మూడుసార్లు ఆపారు. మర్యాదగానే మాట్లాడారు, కానీ ప్రతి లాబ్‌స్టర్‌నీ కొలిచారు. వండుకునేదాకా తోక విడదీయకూడదన్నది కూడా గుర్తుంచుకోండి, ఒడ్డునే శుభ్రం చేసుకుని వెళ్దామనుకునే కొత్తవాళ్లు దొరికిపోయేది అక్కడే.

మీ కొలీగ్స్‌తో డిసెంబర్‌లో వెళ్లే ముందు వాళ్లనో మాట అడగండి: నీళ్లలో నాకు జంట ఎవరు, ఆ మనిషి చేతిలో కూడా బ్యాగ్ ఉంటుందా అని. ముగ్గురం కలిసే ఉంటాంలే అన్నారంటే ఆ రాత్రి మీకు జంట లేనట్టే. అప్పుడు ఒడ్డునే ఉండి లైట్లు చూసుకుంటానని చెప్పండి, లేదా నాలాంటి ఎవరినైనా పట్టుకోండి.

రిపోర్ట్ కార్డ్ వివరాలు ఏప్రిల్ 30 లోపు పంపడం మర్చిపోకండి, ఆన్‌లైన్‌లో కూడా చెయ్యొచ్చు. ఒక్కటి దొరక్కపోయినా పంపాలి. నా మొదటి సీజన్ కార్డు నిండా సున్నాలే.